చమురు బావి, రైతు బోరు: ఓఎన్‌జీసీ చరిత్ర, కార్యకలాపాలు

చమురు కంపెనీల గురించి చదివే విద్యార్థికి ముందుగా అర్థం కావలసింది యంత్రాలూ కాదు, లాభాలూ కాదు. భూమిని తొలిచినా ఏమీ దొరకకపోవచ్చు అన్న ఒక్క సంగతి తెలిస్తే మిగతాది తేలికవుతుంది. అనంతపురం ప్రాంతం నుంచి చదువుతున్న మీకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కల్యాణదుర్గం వైపో, కదిరి వైపో ఏ ఊరికి వెళ్లినా నీళ్లు పడని బోర్ల లెక్క చెప్పేవాళ్లు కనిపిస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా కురవని ఈ పీఠభూమిలో వేరుశనగ వేసిన రైతు ఆకాశం మీద నమ్మకం పోయి నేలలోకి దిగాడు. ఐదారు వందల అడుగులు, కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటి తొలిచాడు. నీళ్లు పడకపోతే ఆ ఖర్చు అప్పుగా మిగిలింది.

చమురు, సహజవాయువు కమిషన్‌గా మొదలై నేడు ఓఎన్‌జీసీగా పిలుస్తున్న ప్రభుత్వరంగ సంస్థ కూడా చేసేది ఇదే పని: కనబడని దానికోసం నేలను తొలవడం. దాని బావుల్లోనూ చాలా వట్టిపోతాయి. అయినా వట్టి బావి వల్ల ఆ సంస్థ దివాలా తీయదు. వట్టి బోరు వల్ల రైతు తీస్తాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను దగ్గర పెట్టుకుని ఈ పాఠం చదవండి.

అనంతపురం కింద చమురు ఎందుకు లేదు?

చమురు పుట్టాలంటే కొన్ని షరతులు ఒకేచోట కుదరాలి. సూక్ష్మజీవులు, మొక్కల అవశేషాలు కలిసిన బురద పొరలుపొరలుగా పేరుకోవాలి. అది లోతుకు దిగి తగినంత వేడికి గురి కావాలి. అలా పుట్టిన చమురు, వాయువు పైకి జరిగి సూక్ష్మ రంధ్రాలున్న ఇసుకరాయి వంటి దానిలో చేరాలి. ఆ పైన అవి తప్పించుకుపోకుండా మూతలాంటి రాతిపొర ఉండాలి. భూమిలో చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది తడిసిన ఇటుకలో నీళ్లలా రాతి రంధ్రాల్లో ఉంటుంది.

అనంతపురం పశ్చిమ భాగాన ఉన్నది గ్రానైటు, నైస్ శిలల నేల. వాటి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. రామగిరిలో బంగారం, వజ్రకరూరులో వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైటు గొట్టాలు ఇలాంటి ప్రాచీన శిలల మధ్యనే ఉన్నాయి. కరిగి గట్టిపడి, వేడికీ ఒత్తిడికీ రూపు మారిన ఈ రాయిలో చమురు పుట్టే అవకాశం లేదు. మీ బోర్లలో నీళ్లు దొరకడం కష్టమవడానికి కారణం కూడా ఈ రాయే. దానిలో నీళ్లు నిలిచేది పైన శిథిలమైన పొరలో, కింద పగుళ్లలో మాత్రమే. పగులుకు రెండు గజాలు పక్కన తొలిస్తే దుమ్ము తప్ప ఏమీ రాదు.

తూర్పున తాడిపత్రి వైపు కథ కొంచెం వేరు. అక్కడినుంచి కడప మీదుగా విస్తరించినది కడప అవక్షేప హరివాణం. మన ఇళ్లలో పరిచిన తాడిపత్రి బండలు ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న పొరలే. మన దేశంలో గుర్తించిన 26 అవక్షేప హరివాణాల్లో ఇదీ ఒకటి. కానీ చమురు ఆశల వరుసలో దీన్ని చివరి వర్గంలో చేర్చారు. దీని పొరలు మరీ పాతవి. వాణిజ్యపరంగా చమురు ఇక్కడ ఇంతవరకు తీయలేదు.

ఇందుకు పూర్తి భిన్నమైనది కృష్ణా గోదావరి హరివాణం, అంటే కేజీ బేసిన్. గోండ్వానా మహాఖండం చీలి భారత భూభాగం విడిపోయినప్పుడు తూర్పు తీరంలో ఏర్పడ్డ పల్లంలో కోట్ల సంవత్సరాలుగా ఒండ్రు నిండుతూ వచ్చింది. అది కొన్నిచోట్ల ఐదు కిలోమీటర్లకు మించిన మందం. ఆంధ్రలో ఓఎన్‌జీసీ కథంతా నడిచింది అక్కడే.

తొలి బావిలోనే నిరాశ

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో చెప్పుకోదగ్గ చమురు అస్సాంలోని డిగ్బోయ్ ప్రాంతానిదే. వెలికితీతా, శుద్ధీ, అమ్మకమూ విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేవి. దేశంలో ఇంకెక్కడా పెద్దగా చమురు లేదన్న అభిప్రాయం బలంగా ఉండేది. దిగుమతి చేసి అమ్ముకునే కంపెనీకి ఆ అభిప్రాయం నష్టమేమీ కాదు కదా! కేంద్రంలో సహజ వనరుల శాఖ చూసిన కేశవదేవ్ మాలవీయ దీన్ని ఒప్పుకోలేదు. 1955లో చమురు, సహజవాయువు డైరెక్టరేట్ ఏర్పడింది. 1956 ఆగస్టులో అది కమిషన్‌గా మారింది. 1959లో పార్లమెంటు చట్టంతో చట్టబద్ధ సంస్థ అయింది. ప్రధాన కేంద్రం డెహ్రాడూన్. సోవియట్, రుమేనియా నిపుణులు సర్వేల్లోనూ తవ్వకంలోనూ తోడ్పడ్డారు.

కమిషన్ తన తొలి బావిని 1957లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని జ్వాలాముఖి వద్ద మొదలుపెట్టింది. అక్కడి అమ్మవారి గుడిలో రాతి సందుల నుంచి వచ్చే సహజవాయువు ఎప్పటినుంచో మండుతూనే ఉంది. అంతకన్నా మంచి సూచన ఏం కావాలి? అయినా అక్కడ వాణిజ్య స్థాయిలో ఏమీ దొరకలేదు. ఒక రైతు అయితే అక్కడితో చేతులెత్తేయవలసి వచ్చేది. కమిషన్ వెనుక కేంద్ర ఖజానా ఉంది. 1958లో గుజరాత్‌లోని ఖంభాత్ దగ్గర చమురు కనిపించింది. 1960లో అంకలేశ్వర్ పెద్ద క్షేత్రంగా తేలింది. 1974 ఫిబ్రవరిలో సాగర్ సమ్రాట్ అనే తవ్వకపు నౌక ముంబై తీరానికి దూరంగా సముద్రంలో బాంబే హై క్షేత్రాన్ని కనుగొంది. 1976లో ఉత్పత్తి మొదలైంది. దేశపు చమురు లెక్కలే మారిపోయాయి. బాంబే హై ఒక్కటే తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో వట్టి బావుల ఖర్చును మోసింది.

ఆంధ్ర తీరంలో 1978లో నరసాపురం వద్ద తొలి బావి తవ్వారు. క్రమంగా తాటిపాక, పాశర్లపూడి, మండపేట, కైకలూరు, లింగాల వంటి పేర్లు చమురు పటంలోకి ఎక్కాయి. రాజమహేంద్రవరం ఈ కార్యకలాపాలకు కేంద్రమైంది. ఇక్కడ దొరికినది ప్రధానంగా వాయువే. చమురు తక్కువ. 2001లో తాటిపాకలో పెట్టిన చిన్న శుద్ధి కర్మాగారం సామర్థ్యం ఏటా 66 వేల టన్నులు మాత్రమే.

ఆర్థిక సరళీకరణ తర్వాత 1994 ఫిబ్రవరిలో కమిషన్ బాధ్యతలన్నీ కంపెనీగా నమోదైన ఓఎన్‌జీసీకి మారాయి. 2010లో దానికి మహారత్న హోదా వచ్చింది.

తవ్వకం ఎలా జరుగుతుంది?

మీ ఊళ్లో పాయింటు చూసేవాళ్లు కొబ్బరికాయో, వేపపుల్లో పట్టుకుని చేను కలియతిరుగుతారు. చమురు కంపెనీకి పాయింటు చూసిపెట్టేది భూకంపన సర్వే. నేలలో చిన్న పేలుళ్లతోనో, బరువైన కంపన యంత్రాలతోనో ధ్వని తరంగాలు పంపుతారు. అవి లోపలి పొరలను తాకి తిరిగి వచ్చే సమయాన్ని వేలాది గ్రాహకాలు నమోదు చేస్తాయి. దాన్నుంచి పొరల ఆకారం తెలుస్తుంది. అయితే ఆ పొరలో ఉన్నది చమురా, వాయువా, ఉప్పునీరా అన్నది తొలిస్తే గానీ రూఢిగా తేలదు. కోట్లు ఖర్చయ్యే శాస్త్రీయ సర్వే కూడా అవకాశాన్ని పెంచుతుందే తప్ప హామీ ఇవ్వదు.

బోరు బండి గాలి ఒత్తిడితో బిట్టును సుత్తిలా కొడుతూ గ్రానైటును పిండి చేస్తుంది. చమురు రిగ్గు బిట్టును తిప్పుతూ అరగదీస్తుంది. గాలికి బదులు గొట్టం లోపలినుంచి చిక్కటి బురదను పంపుతుంది. దీన్ని డ్రిల్లింగ్ మడ్ అంటారు. బిట్టును చల్లబరచడం, రాతి తునకలను పైకి తేవడం దీని పనుల్లో కొన్ని. ముఖ్యమైనది వేరే ఉంది. మూడు వేల మీటర్ల లోతున నీటి స్తంభం ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 300 కిలోలు. లోపలి వాయువు ఒత్తిడి దానికి మించితే మామూలు నీళ్లను పైకి తన్నేస్తుంది. అందుకని బురదను బరువెక్కించాలి.

ఆ బరువు కోసం కలిపే ఖనిజం ముగ్గురాయి, అంటే బెరైటీస్. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైనది. పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ తవ్వే ముగ్గురాయికి ప్రధాన గిరాకీ చమురు బావుల నుంచే. రాయలసీమ నేల చమురు ఇవ్వలేదు గానీ, ఎక్కడెక్కడి చమురు బావులనో అదుపులో పెట్టే రాయిని ఇచ్చింది. పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఎందుకో అంతగా పట్టించుకోవు.

మీ బోరుకు కేసింగ్ పైపు పైభాగంలోనే వేస్తారు. కింది గట్టి రాయి దానంతటదే నిలబడుతుంది. చమురు బావిలో దశలవారీగా ఉక్కు కేసింగ్ దింపి, రాతికీ పైపుకూ మధ్య సిమెంటు నింపుతారు. బావి నోటి దగ్గర బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే భారీ కవాటాల దొంతర ఉంటుంది. ఇవన్నీ ఉన్నా ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర తెలిసింది. అక్కడి బావి పేలి, ఎగసిన మంట 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. కొబ్బరితోటలు మాడిపోయాయి. అమెరికా నిపుణుల సాయంతో మార్చిలో గానీ ఆరలేదు.

వట్టి బావి ఖర్చు ఎవరిది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లెక్క సులువుగా ఉండటానికి, ఏ బావి తవ్వినా ఫలించే అవకాశం ఐదింట ఒకటి అనుకోండి. అంటే విఫలమయ్యే అవకాశం 0.8. ఇద్దరికీ ఇదే అవకాశం. రైతు రెండు బోర్లు వేయగలడు. రెండూ విఫలమయ్యే అవకాశం 0.8ని 0.8తో గుణిస్తే 0.64. నూటికి అరవైనాలుగు పాళ్లు అతడు మునుగుతాడు. కంపెనీ పది బావులు తవ్వగలిగితే అన్నీ విఫలమయ్యే అవకాశం నూటికి 11 లోపే. ఇరవై తవ్వితే సుమారు ఒకటి. నేల ఇద్దరికీ ఒకేలా ఉంది. ఎన్నిసార్లు ఓడిపోయి కూడా ఆటలో నిలవగలరన్నదే తేడా. దీన్ని ఆర్థికశాస్త్రంలో నష్టభయ విస్తరణ అంటారు.

ఇందులో రెండో మెట్టు కూడా ఉంది. ఫలించిన బావి వచ్చే రాబడి విఫలమైన వాటి ఖర్చును పూడ్చేంత పెద్దదై ఉండాలి. బాంబే హై చేసింది అదే. రైతు బోరులో నీళ్లు పడినా ఎకరమో రెండెకరాలో తడుస్తుంది. పాత బోర్ల అప్పు అంతటితో తీరదు. పైగా మూడో వేసవికి ఆ నీళ్లూ తగ్గుతాయి.

ఖాతాలు రాసే తీరులోనూ ఇది కనిపిస్తుంది. ఓఎన్‌జీసీ పాటించే పద్ధతిలో ఫలించిన బావి ఖర్చు ఆస్తిగా నమోదవుతుంది. వట్టిపోయిందని తేలిన అన్వేషణ బావి ఖర్చును లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా కొట్టివేస్తారు. లాభం ఆ మేరకు తగ్గుతుంది, పన్ను కూడా తగ్గుతుంది. అంటే వట్టి బావి భారంలో కొంత ఖజానా పంచుకుంటుంది. రైతు బోరుకు ఇలా కొట్టివేసే ఖాతా ఏదీ లేదు. వడ్డీ వ్యాపారి పుస్తకంలో అది ఆస్తిగానే ఉంటుంది, కాకపోతే వ్యాపారి ఆస్తిగా. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన వైఎస్సార్ జలకళ ఉచిత బోర్ల పథకాన్ని ఈ కోణం నుంచి చూడండి. అది నీటి పథకం మాత్రమే కాదు, తవ్వకపు నష్టభయాన్ని రైతు నుంచి ప్రభుత్వానికి మార్చే ప్రయత్నం కూడా. భూగర్భ జలం మీద దాని ప్రభావం వేరే చర్చ.

అలాగని ఓఎన్‌జీసీకి యజమాని ఎప్పుడూ దాతే అనుకోకండి. డీజిల్, వంటగ్యాసు ధరలు పెరగకుండా ఉండేందుకు 2000 దశకం మొదలుకొని పదేళ్లకు పైగా ఆ సంస్థ అమ్మకపు కంపెనీలకు ముడిచమురును తగ్గింపు ధరకు ఇవ్వవలసి వచ్చింది. కరవు సీమలో డీజిల్ ఇంజన్లతో నీళ్లు తోడిన రైతుకు అందిన రాయితీలో కొంత ఈ దారినే వచ్చింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తివేశారు. 2018 జనవరిలో హిందుస్థాన్ పెట్రోలియంలో కేంద్రానికి ఉన్న 51.11 శాతం వాటాను ఓఎన్‌జీసీ 36,915 కోట్ల రూపాయలకు కొన్నది. కొన్నదీ ప్రభుత్వ సంస్థే, అమ్మిందీ ప్రభుత్వమే. సంస్థ దీనికోసం అప్పు చేసింది. అన్వేషణకు దాచుకోవలసిన సొమ్ము ఇలాంటి అవసరాలకు పోతే కొత్త బావులు తగ్గుతాయన్న విమర్శలో బలం ఉంది.

నష్టభయం చేతులు మారడానికి కేజీ బేసిన్‌లోనే ఇంకో ఉదాహరణ దొరుకుతుంది. గుజరాత్ రాష్ట్ర ప్రభుత్వ పెట్రోలియం కార్పొరేషన్ 2005లో కాకినాడ తీరానికి దూరంగా 20 లక్షల కోట్ల ఘనపు అడుగుల వాయువు ఉందని ప్రకటించింది. తర్వాతి అంచనాల్లో అది చాలా చిన్నదిగా తేలింది. అప్పటికే ఆ సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. 2017లో ఓఎన్‌జీసీ అందులో 80 శాతం వాటా కొన్నది. మునిగిన బోరును పెద్దరైతు చేత కొనిపించినట్టు అన్నమాట.

పక్కవాడి బోరు

ఒక చేనులో బోరు వేస్తే పక్క చేను బోరు ఎండడం మీరు చూసే ఉంటారు. కింద పగుళ్లు కలిసే ఉంటాయి. గట్లు పైననే. 2002లో వచ్చిన వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి, బోర్ల మధ్య దూరం వంటి నియమాలు పెట్టింది. అమలు సంగతి మీకు తెలియనిది కాదు.

సముద్రం అడుగునా ఇదే తగువు వచ్చింది. రిలయన్స్ 2002లో కేజీ డీ6 ప్రాంతంలో భారీ వాయు నిక్షేపం కనుగొని 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పక్కనే ఓఎన్‌జీసీ బ్లాకులున్నాయి. తమ వైపు వాయువు పక్క బావుల గుండా పోతోందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. స్వతంత్ర అధ్యయనం చేసిన డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ సంస్థ వాయువు అలా కదిలిందని 2015లో తేల్చింది. జస్టిస్ ఎ.పి.షా కమిటీ 2016లో ఆసక్తికరమైన మాట చెప్పింది: పరిహారం అడిగే హక్కు ఓఎన్‌జీసీది కాదు, ప్రభుత్వానిది. ఎందుకంటే భూగర్భంలోని వాయువుకు యజమాని ప్రభుత్వమే. కంపెనీకి ఉన్నది తీసుకునే అనుమతి మాత్రమే. కేంద్రం సుమారు 155 కోట్ల డాలర్లు అడిగింది. 2018లో మధ్యవర్తుల మండలి రిలయన్స్ పక్షాన తీర్పిచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టివేసింది.

చమురు పరిశ్రమలో ఇలాంటి తగువులకు ఒక పరిష్కారం ఉంది. ఒకే నిక్షేపం మీద ఇద్దరికి హక్కులుంటే దాన్ని ఒకే క్షేత్రంగా చూసి, ఉమ్మడిగా తీసి, వాటాలు పంచుకుంటారు. అనంతపురం జిల్లాలో కొన్ని పల్లెల రైతులు స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో ఇదే చేశారు. ఉన్న బోర్లను పైపులతో కలిపారు, కొత్త బోర్లు వేయబోమని ఒప్పుకున్నారు, బోరు లేనివారికీ తడి పంచారు. పెద్ద కంపెనీలు కోర్టుల్లో తేల్చుకోలేకపోయిన దాన్ని రచ్చబండ మీద తేల్చుకున్నారు.

వాయువు ఎటు పోతుంది, డబ్బు ఎటు వస్తుంది?

కోనసీమ బావుల వాయువును సేకరణ కేంద్రాల్లో శుద్ధి చేసి, గెయిల్ గొట్టాల ద్వారా ఎరువుల కర్మాగారాలకూ విద్యుత్ కేంద్రాలకూ పంపుతారు. ఆ విద్యుత్తు గ్రిడ్‌లో కలిసి మీ బోరు మోటారు దాకా వస్తుంది. డీ6 ఉత్పత్తి 2010 తర్వాత పడిపోవడంతో ఆ వాయువు మీద ఆశపెట్టి గోదావరి ప్రాంతంలో కట్టిన విద్యుత్ కేంద్రాలు కొన్ని ఏళ్ల తరబడి ఖాళీగా నిలిచాయి.

ఈ దారిలో ప్రమాదాన్ని భరించేది దారి పక్క ఊళ్లు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పగిలి మంటలు లేచాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడివాయువు కోసం వేసిన గొట్టంలో తేమ కలిసిన వాయువు ప్రవహించి లోపల తుప్పు పట్టడం కారణాల్లో ముఖ్యమైనదిగా చెప్పారు. కంపెనీ తన నష్టాన్ని వంద బావుల మీద పరుచుకోగలదు. గొట్టం పక్కన ఇల్లున్న మనిషికి ఉన్నది ఒక్క ఇల్లే.

ఆదాయం సంగతి. నేల మీది బావుల నుంచి తీసిన వాయువు మీద రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. సముద్రపు బావుల రాయల్టీ కేంద్రానిది. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం సముద్రగర్భ ఖనిజాలు కేంద్రానికి చెందుతాయి. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ కాకినాడ తీరానికి దూరంగా లోతైన సముద్రంలోని కేజీ 98/2 బ్లాకు నుంచి తొలి చమురు తీసింది. ఆంధ్ర తీరపు చమురే అయినా, దాని రాయల్టీలో ఆంధ్రప్రదేశ్‌కు నేరుగా వాటా లేదు.

మీ ప్రగతిని తెలుసుకోండి: మీ ఊళ్లో గత పదేళ్లలో వేసిన బోర్లెన్నో, నీళ్లు పడినవెన్నో ఐదుగురు రైతులను అడిగి రాసుకోండి. దాన్నుంచి ఒక బోరు ఫలించే అవకాశాన్ని లెక్కగట్టండి. ఆ ఐదుగురూ విడివిడిగా కాక ఉమ్మడిగా బోర్లు వేసి ఉంటే అన్నీ విఫలమయ్యే అవకాశం ఎంత? ఈ లెక్కలో ప్రతి బోరూ మిగతా వాటితో సంబంధం లేనిదని అనుకున్నాం. మీ ఊరి నేలలో అది ఎంతవరకు నిజం?